చెయ్యి దూరని మోచెయ్యి

వానలు తెరిపిచ్చిన మరునాడు సాబేరా మా ఇంటికి వచ్చింది. వనపర్తిలో ఒకప్పుడు ఇంటింటి గిన్నెలకూ కళాయి వేసిన ఖాసిం మియా మనుమరాలు ఆమె. ఏళ్ళ తరబడి బడిలో లెక్కలు చెప్పి ఈ మధ్యనే విశ్రాంతి తీసుకుంది. మాటలో తొందర ఉండదు. ఆ రోజు మాత్రం కూర్చోకముందే సంచిలోంచి ఒక పుస్తకం తీసి నా ఒళ్ళో పెట్టింది. మా ఊరి చరిత్ర అని పేరు పెట్టి ఎవరో ఔత్సాహికులు అచ్చు వేయించిన సంచిక అది. ఒక పుటలో గుర్తుగా కాగితం ముక్క ఉంది. యుద్ధకాలంలో మా ఊళ్ళో ఒక షర్బతు కార్ఖానా నడిచేదనీ, కళాయి సాయిబు తగరంలో సీసం కలిపినందువల్ల జనం జబ్బుపడి అది మూతపడిందనీ అక్కడ రాసి ఉంది. ఆ కార్ఖానా మా నాయినది. ఆ సాయిబు సాబేరా తాత.

"అమ్మా, మీరు ఆ ఇంట్ల పుట్టినోళ్ళు. అన్నీ రాసిపెట్టుకునే మనిషని మిమ్ముల ఊరంత అంటది. మా తాత సీసం కలిపిండా? కలిపిండంటె కలిపిండనే చెప్పుండ్రి. నేనేమనుకోను. నాకు సచ్ మాట కావాలె, అంతే," అన్నది.

నాకు కోపం వచ్చింది. ఈ వయసులో కోపం ఒంటికి మంచిది కాదని దవాఖానలో చెప్తుంటారు. అబద్ధాన్ని అచ్చులో చూసి ఊరుకోవడం దేనికి మంచిదో మాత్రం వాళ్ళు చెప్పరు. రాసినవారు ఒక్కరిని అడిగి ఉంటే సరిపోయేది. నేను బతికే ఉన్నాను; ఇల్లు మారలేదు; తలుపు గడియ వేసుకొని కూర్చోలేదు. చిన్నప్పటినుంచీ ఏ రోజు జరిగింది ఆ రోజు రాసుకునే అలవాటున్న మనిషిని. ఒక మనిషి పనితనం మీద మచ్చ వేసే ముందు ఆ వీధిదాకా నడిచి రావడానికి కూడా తీరిక లేనివారికి చరిత్ర రాసే తీరిక ఎట్లా దొరికిందో నాకు అర్థం కాదు. సాబేరాకు ఆనాడు నోటితో చెప్పిన సంగతినే ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

మా కార్ఖానా అంటే పెద్ద పొగగొట్టమూ ఇంజనూ ఊహించుకోవద్దు. ఇంటి వెనక రేకుల కొట్టం. అందులో ఎత్తుగా కట్టిన పొయ్యి మీద మనిషి కూర్చుంటే మునిగేంత రాగి గంగాళం. నాగర్‌కర్నూలు దిక్కునుంచి బండ్ల మీద నిమ్మకాయలూ, ఎండాకాలం మొదట్లో పుల్లమామిడి కాయలూ వచ్చేవి. కాయలు కడిగేవాళ్ళు, చెక్కు తీసేవాళ్ళు, రసం పిండేవాళ్ళు అందరూ మా వీధి ఆడవాళ్ళే. రసాన్ని చక్కెర పాకంతో కలిపి కాచి, చల్లార్చి, తేరనిచ్చి సీసాల్లో పోసేవాళ్ళం. సీసాల మీద అతికించే చీటీలు రాయడం నా పని. తెలుగులో ఒక వరుస, ఉర్దూలో ఒక వరుస. బడి నుంచి రాగానే కాళ్ళు కడుక్కొని, చాప మీద కూర్చొని, సిరా ఆరేదాకా చీటీలను ఒకదాని పక్కన ఒకటి పరిచేదాన్ని. మామిడి తొక్కల పచ్చి వాసన, పాకం కాగే తీపి వాసన, కొట్టం మూలన కుప్ప పోసిన పిప్పి పులిసిన వాసన కలిసి మా ఇంటి గోడల్లో ఇంకిపోయాయి. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల నా జడ వాసన చూసి, ఇయ్యాల నిమ్మనా మామిడా అని చెప్పేది.

మా అవ్వ, అంటే నాయిన తల్లి, ఆ కొట్టంలోకి రోజుకొకసారి వచ్చేది. తడి చీర, మడి. ఎవరికీ తగలకుండా గుమ్మంలో నిలబడి, గంగాళం అంచు వంక చూసి, "నర్సిమ్మా, కళాయి పల్చబడ్డది. ఖాసింకు కబురు పెట్టు," అనేది. ఆమె చూపు తప్పేది కాదు. పులుపు తగిలే ఇత్తడికీ రాగికీ కళాయి లేకపోతే చిలుము పుడుతుందనీ, ఆ పచ్చటి చిలుము కడుపులోకి పోతే విషమనీ ఆ రోజుల్లో ఏ ఇంటి ఆడదానికీ చెప్పవలసిన అవసరం లేదు. చారు గిన్నెకు నెల తప్పినా ఊరుకునేవారు కాదు. ఖాసిం మియా తిత్తినీ బొగ్గుల బుట్టనూ భుజాన వేసుకొని, "కళాయ్!" అని వీధి మొదట్లో కేకవేస్తే, చివరింటిదాకా గిన్నెల చప్పుడు మొదలయ్యేది.

ఆయన మా వాకిట్లో గుంట తవ్వి, తిత్తి నోరు అందులో పెట్టి, బొగ్గులు రాజేసేవాడు. గిన్నె వేడెక్కగానే పట్టకారుతో తీసి నవాసారం పొడి చల్లేవాడు. తెల్లటి పొగ గుప్పున లేచి ముక్కు లోపలిదాకా కోసేది. ఆ పొగలోనే తగరపు కడ్డీతో ఒక గీత గీసి, దూది ఉండతో అదిమి ఒక్క తిప్పు తిప్పితే, నల్లటి గిన్నె పాలు పోసినట్టు తెల్లబడేది. అదమడంలోనే ఉంది పని అంతా. తగరం కరగడం ఒక్కటే చాలదు; వేడి తగ్గేలోపల చెయ్యి ఒత్తి రాస్తేనే అది లోహాన్ని పట్టుకుంటుంది. అవ్వ గడప ఇవతల నిలబడి, "ఆ అంచు కింద తిప్పు ఖాసిం, ఆడ నల్లగున్నది," అంటే, ఆయన తల ఎత్తకుండానే, "పెద్దమ్మా, నా పెండ్లాం గూడ గింత కనిపెట్టి చూడదు," అనేవాడు. "చూస్తె నీకు పెండ్లి అయ్యెటిది గాదు పో," అనేది అవ్వ. ఆయన వెళ్ళాక ఆ గిన్నెల మీద మూడు చెంబుల నీళ్ళు పోసి గాని లోపలికి తీసుకుపోయేది కాదు. ఆయనకూ అది తెలుసు. ఎదురుగా ఉన్నప్పుడు నీళ్ళు పోయకపోవడం ఆమె మర్యాద. తొందరగా తిత్తి సర్దుకొని లేచిపోవడం ఆయన మర్యాద.

నాయినకు గొట్టాల పిచ్చి పట్టింది ఆ యుద్ధం రోజుల్లోనే. హైదరాబాదులో ఏదో పెద్ద కార్ఖానాలో గంగాళం నుంచి పాకం దానంతటదే గొట్టంలో పారి, గోడ వెంట నడిచి, దూరాన ఉన్న తొట్టిలో పడటం చూసి వచ్చాడు. వేడి రసాన్ని బిందెలతో మోసి ఆడవాళ్ళు చేతులు కాల్చుకుంటున్నారని ఆయన బాధ. అది నిజమైన బాధే. మా పిన్నమ్మ ముంజేతి మీద ఆ మచ్చ చివరిదాకా ఉండింది. మొదట ఇనుప గొట్టం పెట్టించాడు. మామిడి రసం ఒక్క పూటలో సిరాలాగా నల్లబడింది. అప్పుడు ఇత్తడి గొట్టాలకు మళ్ళాడు. సీదా గొట్టాలు దొరికాయి. వంపు తిరిగే చోట పెట్టే ముక్కను మేము మోచెయ్యి అనేవాళ్ళం. అది మాత్రం దొరకలేదు. నాయిన ఆత్మకూరు మీదుగా గద్వాలకు పోయి, అక్కడి కంచరివాళ్ళతో జానెడు పొడవున్న రెండు మోచేతులు పోత పోయించుకొని వచ్చాడు. గంగాళం కింద ఒకటి, గోడ చివర తొట్టిలోకి దిగే చోట ఒకటి.

వాటికి కళాయి వెయ్యడం ఖాసిం మియాకు కొత్త. సీదా గొట్టంలోకి దూది చుట్టిన కడ్డీని దూర్చి, అటూ ఇటూ అదిమి రుద్దాడు. అది బాగానే కుదిరింది. మోచేతిలో కడ్డీ తిరగదు, వేలు పోదు. కరిగిన తగరాన్ని ఒక చివర పోసి, పట్టకారుతో పట్టుకొని ఊపి, రెండో చివర నుంచి ఒంపాడు. రెండు చివరలా వేలు పోయినంత మేర దూదితో ఒత్తాడు. వెలుతురుకు పట్టి చూస్తే రెండు నోళ్ళూ తెల్లగా మెరిశాయి. "లోపల గూడ అంటుకునే ఉంటది సేటూ," అన్నాడు. "లోపల ఎవడు చూస్తడు ఖాసింభాయ్, గట్టిగుంటె చాలు," అన్నాడు నాయిన. ఇద్దరూ మంచివాళ్ళే. ఇద్దరికీ తెలియనిది ఒకటే.

ఆ రోజుల్లో వారానికి సెలవు శుక్రవారం. గురువారం సాయంత్రం పొయ్యి ఆర్పితే, మళ్ళీ శనివారం పొద్దున్నే వెలిగించడం. తొట్టి నల్లా విప్పి గొట్టాలు ఖాళీ చేశామనుకునేవాళ్ళం. కాని గోడ చివరి మోచెయ్యి కొంచెం కుంగి ఉండేది. దాని కడుపులో పుల్లటి రసం ఎప్పుడూ కొంత నిలిచిపోయేది. ఒక శనివారం మొదటి దఫా షర్బతు పాన్‌గల్‌లో ఒక పెండ్లికి పోయింది. మధ్యాహ్నానికి పెండ్లి పందిట్లో వాంతులు మొదలయ్యాయి. పిల్లలు, ముసలివాళ్ళు ఎక్కువ అవస్థ పడ్డారు. ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు, దేవుడి దయ. దవాఖాన డాక్టరు మిగిలిన షర్బతును చుక్క నాలుక మీద వేసుకొని చూసి, ఇది చిలుము అని చెప్పి, కారణం తేలేదాకా కార్ఖానా తెరవవద్దని నాయినకు కబురు పంపాడు.

చిలుము అన్న మాట దవాఖాన గేటు దాటేసరికి సీసం అయింది. దానికి ఒక కారణం ఉంది. తగరం సముద్రం అవతలి నుంచి వచ్చే సరుకు. యుద్ధం వల్ల రావడం తగ్గింది. చాలా ఊళ్ళలో కళాయివాళ్ళు సీసం కలిపి నెట్టుకొస్తున్నారని అనుకునేవారు. మా వీధికి గాజులు అమ్మడానికి వచ్చే రాములమ్మ బుట్ట దించీ దించకముందే మొదలుపెట్టింది. "ఇన్నరా? సాయిబు సీసం కలిపిండంట. గందుకే ఈ నడుమ గిన్నెలు గంత మెరుస్తున్నయ్. నేనైతె నా గిన్నె ఇయ్య." ఆమె ఇచ్చే గిన్నె ఒకటే, అదీ మట్టిది. అయినా ఆ మాట ఆమె బుట్ట కంటె ముందే ఇల్లిల్లూ తిరిగింది. తరువాత ఖాసిం మియా వచ్చి "కళాయ్!" అని కేక వేస్తే ఒక్క గిన్నె చప్పుడు కాలేదు. తలుపుల వెనక మనుషులు ఉన్నారని ఆయనకు తెలుసు, ఆయనకు తెలుసని వాళ్ళకూ తెలుసు. ఆయన వీధి చివరిదాకా నడిచి, మళ్ళీ అదే దారిన మా ఇంటి ముందునుంచి పోయాడు. రెండోసారి కేక వెయ్యలేదు.

ఇంట్లో నాయిన అన్నం సరిగా తినడం మానేశాడు. అవ్వ విస్తరి ముందు కూర్చోబెట్టి అడిగింది. "ఊరంత సాయిబును అంటున్నది. నువ్వేమంటున్నవ్?"

"నేనేమన్ననమ్మా? వాడు కలిపిండని నా నోట ఒక్క మాట వచ్చిందా?"

"కలపలేదని వచ్చిందా మరి?"

కలపలేదని చెప్పడానికి నాయినకు నిజంగా తెలియదు. అవ్వకూ తెలియదు. ఇన్నాళ్ళు గడిచాక నాకు తోచేది ఒకటి: ఖాసిం మియాకు కూడా తెలియదు. తగరం తాను కల్తీ చేయలేదని తెలుసు. కాని తన చేతి కింద పని ఎక్కడో చెడి, దానివల్ల పసిపిల్లలు వాంతులు చేసుకున్నారేమో అన్న అనుమానం ఆయననే ముందుగా తిన్నది.

ఆ శుక్రవారం నమాజు ముగించుకొని ఆయన నేరుగా మా వాకిట్లోకి వచ్చాడు. తిత్తి లేదు, బుట్ట లేదు. ఉతికిన బట్టలు, నెత్తిన టోపీ. చేతిలో ఒక తగరపు కడ్డీ ముక్క. నాయిన లేచి నిలబడ్డాడు.

"సేటూ, ఇటు రా. నీ చెవు ఇటు పెట్టు," అని ఆ కడ్డీని నాయిన చెవి దగ్గర వంచాడు. సన్నగా కీచుమని చప్పుడైంది. "ఇన్నవా? తగరం వంచితె ఏడుస్తది. సీసం ఏడ్వదు. సీసం కలిస్తె ఇదీ ఏడ్వదు. పెద్దమ్మా, నువ్వు గూడ ఇను." గడప అవతలి నుంచే చెయ్యి చాచి, అవ్వకు తగలకుండా, ఆమె చెవికి దగ్గరగా ఇంకోసారి వంచాడు. నాకూ వినిపించాడు. ఎలుకపిల్ల అరిచినట్టు ఉండింది. నేను ఆ వయసులో చాలా సంగీతం విన్నాను, ఏదీ అంత బాగా గుర్తులేదు.

"కల్తీ లేదని నేనెరుగనా ఖాసింభాయ్," అన్నాడు నాయిన, కాస్త ఆలస్యంగా.

"అది అయిపోయింది. ఇప్పుడు ఇంకోటి. ఆ గోడ చివరి మోచెయ్యి కోయి."

నాయిన ఉలిక్కిపడ్డాడు. "కోస్తె ఇంకోటి ఏడ దొరుకుతది? గద్వాల పోయి పోత పోయించిన. ఇప్పుడు ఇత్తడే దొరుకుతలేదు. మామిడికాయ బండ్లు దారిల ఉన్నయ్."

"కోయి సేటూ. కడుపుల నల్లగుంటె తప్పు నాది. నేను తిత్తి తీస్కొని ఏ అలంపూరు దిక్కో పోత. తెల్లగుంటె నువ్వు ఎక్కడనో వెతుక్కో. జనం కోసం గాదు, నా కోసం కోయి. నాకు నిద్ర పడ్తలేదు."

"నర్సిమ్మా, కోయి," అన్నది అవ్వ. ఆమె గొంతు విని నాయిన ఇంకేమీ అనకుండా పల్లికాయ మిల్లు నుంచి ఇనుప రంపం తెప్పించాడు.

మోచేతిని పొడవునా రెండు చెక్కలుగా కొయ్యడానికి చాలాసేపు పట్టింది. ఇత్తడి పొడి బంగారపు రవ్వల్లాగా నేల మీద పడింది. కడపటికి చెక్కలు విడిపోయాయి. రెండు చివరలా, వేలు పోయినంత మేర, కళాయి తెల్లగా, నున్నగా, చెక్కు చెదరకుండా ఉంది. ఆ తరువాత గీత గీసినట్టు ఆగిపోయింది. మధ్య వంపులో తగరం అసలు అంటనే లేదు. పోసినప్పుడు జారి, ఊపినప్పుడు దొర్లి, అవతలి నోట్లోంచి వెళ్ళిపోయింది. ఆ కడుపంతా వానాకాలపు గోడ మీది పాచిలాగా మెత్తటి పచ్చటి చిలుము. అందరం ఒంగి చూశాం. సీదా గొట్టంలో కాగడా పెట్టి చూస్తే ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తెలుపు.

ఖాసిం మియా ఆ చెక్కను అటూ ఇటూ తిప్పి చూసి, "మోచెయ్యి అని పేరు పెట్టిండ్రు, చెయ్యి దూరదాయె," అన్నాడు. నవ్వబోయాడు, నవ్వు రాలేదు. టోపీ తీసి దానితోనే మొహం తుడుచుకున్నాడు. "తప్పు నాది గూడ ఉన్నది సేటూ. అంటుకుంటదనుకున్న."

"లోపల ఎవడు చూస్తడని అన్నది నేను," అన్నాడు నాయిన.

చెయ్యి పోని చోట ఏ లోహం పెట్టాలి? ఆ వారమంతా మా ఇంట్లో ఇదే మాట. ఇనుము నల్లబరుస్తుంది, రాగీ ఇత్తడీ పచ్చబరుస్తాయి, సీసం పేరే ఎత్తకూడదు, గాజు వేడికి పగులుతుంది, పింగాణి వంపులు మా దేశంలో ఎవరు చేస్తారు? నాయిన మా శేషయ్య మామకు ఉత్తరం రాశాడు. అమ్మకు తమ్ముడు ఆయన; హైదరాబాదులో ఉద్యోగం, తీరిక దొరికితే గుజిరీలో పాత సామాన్ల మధ్య తిరగడం ఆయన సరదా. మామ రెండు మోచేతులు గోనెసంచిలో చుట్టుకొని స్వయంగా వచ్చాడు. విప్పేసిన పాల యంత్రం ఒకదానివట. వెండిలాగా తెల్లగా ఉన్నాయి. రెండు చివరలా పెద్ద మరచుట్లు. తిప్పితే విడిపోతాయి, మళ్ళీ బిగించుకోవచ్చు.

"ఇది తుప్పు పట్టని ఉక్కు బావా. సీమ సరుకు. పులుపు ఏం చెయ్యదు," అన్నాడు మామ.

నాయిన నమ్మలేదు. మళ్ళీ మిల్లుకు మనిషిని పంపి, పల్లికాయల్లో కలిసిన మేకులు ఏరే సూదంటురాయి తెప్పించాడు. మోచేతి మీద పెట్టాడు. అంటలేదు. తిప్పి పెట్టాడు. అంటలేదు. "శేషయ్యా, సూదంటురాయికి అంటని ఉక్కు లోకంల ఉంటదారా? నిన్ను గుజిరీల మోసం చేసిండ్రు. ఇది జర్మన్ సిల్వర్. ఇది గూడ చిలుము పడ్తది." మామ మొహం చిన్నబోయింది. ఆ రోజుల్లో తెల్లగా మెరిసే చవక గిన్నెలన్నీ జర్మన్ సిల్వరే. దానికీ పులుపు తగిలితే పచ్చబడటం అందరం చూసినదే. నాయిన లెక్క మా ఊరి లెక్కకు సరిగ్గా సరిపోయింది. పాల యంత్రపు మోచేతులు వాకిట్లో ఒక మూలకు చేరాయి. బయట మామిడికాయల బండి ఎద్దులు విప్పుకొని నిలబడి ఉంది.

ఆ మూలనుంచి ఒకదాన్ని ఖాసిం మియా తీసుకున్నాడు. "జర్మన్ సిల్వరైతె కళాయి ముద్దుగ అంటుతది. చూస్త," అని గుంటలో నిప్పు రాజేశాడు. నోటి దగ్గర వేడి చేసి నవాసారం చల్లి, తగరం రాశాడు. తగరం ముత్యాలై దొర్లి కింద పడింది. మళ్ళీ రుద్దాడు, అదిమాడు, తిట్టాడు. తామరాకు మీద నీళ్ళలాగా జారిపోయింది. "లాహౌల్! ఇదేం లోహం సేటూ? నా తగరాన్ని ముట్టుకోనిస్తలేదు. ఇది మాత్రం జర్మన్ సిల్వర్ గాదు." రెండోదాన్ని అవ్వ తీసుకుంది, బూడిదతో తోమి, చిక్కటి చింతపండు పులుసులో ముంచి, మూత పెట్టి, ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి మడి గూట్లో పెట్టింది. మరునాడు పొద్దున తీసి కడిగితే పులుసు రంగు మారలేదు, లోహం మీద మరక లేదు. అవ్వ దాన్ని ఎండకు పట్టి చాలాసేపు చూసింది.

"సూదంటురాయి అంటదు, తగరం అంటదు, పులుపు అంటదు. ఇది నాకన్న గట్టిగ మడి కట్టుకున్నదిరా నర్సిమ్మా," అన్నది.

ఖాసిం మియా వాకిట్లో పగలబడి నవ్వాడు. చాలా రోజుల తరువాత నవ్వు. తరువాత ఆ మోచేతిని అరచేతిలో పెట్టి బరువు చూసి, నెమ్మదిగా అన్నాడు. "పెద్దమ్మా, ఈ లోహం ఇంటింటికి వచ్చిననాడు నా పొయ్యి ఆరిపోతది." మేమందరం అది హాస్యమనుకున్నాం. వెండి ఖరీదు ఉండే వస్తువు ఇంటింటికీ ఎట్లా వస్తుంది?

మరలు మా గొట్టాలకు కలవలేదు. నాయిన మళ్ళీ గద్వాల పోయి, ఇంట్లోని పాత ఇత్తడి బిందె ఒకటి కరిగించి, రెండు మరలనూ కలిపే పట్టీలు చేయించి తెచ్చాడు. ఈసారి గొట్టాన్ని ఒక వైపుకు వాలుగా బిగించారు. చుక్క కూడా నిలవకూడదు. చెయ్యీ కడ్డీ పోయే సీదా గొట్టానికి ఖాసిం మియా కళాయి, చెయ్యి పోని వంపుకు కొత్త లోహం. ప్రతి గురువారం సాయంత్రం మోచేతులు విప్పి, కడిగి, అవ్వ చేటలో ఎండబెట్టేది. డాక్టరు వచ్చి, మరలు విప్పించి, లోపల వేలు పెట్టి చూసి తెరవమన్నాడు. కాని ఊరు తాగాలి కదా. నాయిన బజారులో మా దుకాణం ముందు పీట వేసి, దాని మీద పళ్ళెంలో కోసిన మోచేతి చెక్కను పెట్టాడు, చిలుముతో సహా. పక్కన షర్బతు. ఆయనకు నలుగురిలో మాట్లాడటం చేతకాదు, చెవులు ఎర్రబడ్డాయి. అయినా నిలబడి అన్నాడు. "తప్పు గొట్టానిది, నాది. ఖాసిం చెయ్యి పోయిన కాడ తెల్లగనే ఉన్నది. వచ్చి చూసుకోండ్రి." రాములమ్మే అందరికంటె ముందు వచ్చి, చిలుములో వేలు పెట్టబోయి నాయిన చేత తిట్లు తిన్నది.

చూసినవాళ్ళు చూశారు, అయినా గిన్నెలు బయటకు రాలేదు. అప్పుడు అవ్వ చేసిన పని ఒకటి ఉంది. ఆమె బజారులో నడిచిన మనిషి కాదు. ఆ రోజు తన మడి వంటగిన్నెలన్నీ, చారు గిన్నెతో సహా, బుట్టలో పెట్టుకొని, బుట్ట నెత్తిన పెట్టుకొని, పెద్ద బజారు గుండా ఖాసిం మియా ఇంటికి నడిచింది. నేను వెనక నడిచాను. ఆయన భార్య కంగారుపడి గోనె పరిచింది. అవ్వ దాని మీద కూర్చుంది. గిన్నెలన్నీ తెల్లబడేదాకా లేవలేదు. తిరిగి వస్తూ, నలుగురూ చూసే చోట, నీళ్ళు పోయకుండానే ఒక గిన్నెను ఒళ్ళోకి తీసుకొని కొంగుతో తుడిచింది. మరుసటి రోజు వీధిలో "కళాయ్!" అన్న కేకకు గిన్నెల చప్పుడు మళ్ళీ మొదలైంది.

కార్ఖానా మూతపడలేదు. ఆ తరువాత చాలా ఎండాకాలాలు నడిచింది. నాయినకు చూపు మందగించి, గోలీసోడాలూ రంగు నీళ్ళ సీసాలూ బజారును నింపేశాక, ఆయనే తాళం వేశాడు. ఖాసిం మియా హాస్యమే నిజమయింది. ఆయనను కాపాడిన లోహమే ఆయన పొయ్యి ఆర్పింది. గ్లాసులు, పళ్ళేలు, బిందెలు, పెండ్లి కట్నాలు అన్నీ స్టీలే. కళాయి అడిగేవాళ్ళు లేక ఆయన కొడుకులు వేరే పనుల్లోకి పోయారు. నేనూ స్టీలు గిన్నెలోనే చారు కాచుకుంటున్నాను; సుఖంగానే ఉంది. దాన్ని నేను నిందించను. మొన్న మా ఇంట్లో నీళ్ళ గొట్టం మార్చడానికి వచ్చిన అబ్బాయిని, "ఈ మోచెయ్యి లోపల ఎట్లుంది, చూసినవా బాబూ?" అని అడిగాను. "లోపల ఎవరు చూస్తరు అమ్మా, పైన మెరుస్తున్నది గద," అన్నాడు. విప్పించి చూపించేదాకా పని ముట్టనివ్వలేదు. ముసలిదానికి చాదస్తం అనుకొని ఉంటాడు. మా నాయిన అదే మాట ఒకసారి అని, బజారులో నిలబడి దానికి జవాబు చెప్పుకున్నాడు. ఇప్పుడు ఆ మాటకు జవాబు చెప్పుకోవాలని ఎవరూ అనుకోవడం లేదు. ఊరి చరిత్ర రాసేవారితో సహా.

సాబేరా అంతా విని, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. కోసిన చెక్కలు ఎప్పుడో పోయాయి. గంగాళం కింద ఉండిన రెండో ఇత్తడి మోచెయ్యి మాత్రం నా పెట్టెలో పాత గుడ్డలో చుట్టి ఉంది. తీసి ఆమె చేతిలో పెట్టాను. సంచికవారికి నేను ఉత్తరం రాస్తాననీ, అచ్చు వేసేదాకా వదలననీ చెప్పాను. ఆమె వినలేదు. మోచేతి నోట్లో చూపుడువేలు దూర్చింది. రెండో నోట్లో నేను నా వేలు దూర్చాను. ఇద్దరి వేళ్ళూ వంపు దగ్గర ఆగిపోయాయి. ఎంత చాచినా ఒకదానికొకటి తగల్లేదు.

"తాత చెయ్యి గిక్కడిదాంకనే పోయింది గదా అమ్మా," అన్నది.

"గంతవరకే బిడ్డా," అన్నాను. "తీసి చూడు. గంతవరకు ఇప్పటికీ తెల్లగనే ఉన్నది."